మండలం దాటని గోరు

కడలి ఏడుకొండలు కుడికాలి బొటనవేలి గోరు గురించి చిట్టిలంకలో చెప్పుకునే మాటల్లో సగం అబద్ధాలు. మిగతా సగం నమ్మడం కష్టం.

పదహారేళ్ళుగా దమ్ము ట్రాక్టరు తోలుతూ బురదలో నానిన కాలు అది. గోరు మొదట పచ్చబడింది. తరవాత మందమెక్కింది. ఆ తరవాత పెచ్చులు కట్టి, అంచుల్లో పొడి రాలుతూ, ముదురు బెల్లం రంగుకి తిరిగింది. గోళ్ళు తీసే కత్తెర దానిమీద పెట్టి నొక్కితే కత్తెరే విరిగింది. సెలూను గంగరాజు రెండు బ్లేళ్ళు పోగొట్టుకుని, "కొండలుగారూ, దీనికి నేను చాలనండి. వడ్రంగిని పిలిపించుకోండి" అని చేతులెత్తేశాడు. ఓసారి ట్రాక్టరు ఇనప చక్రం ఆ కాలి మీదుగా ఎక్కి దిగితే వేలికేమీ కాలేదనీ, చక్రానికే సొట్ట పడిందనీ ప్రమాణం చేసి చెప్పేవాళ్ళు ఊళ్ళో ఇప్పటికీ నలుగురున్నారు.

ఇంత గోరున్నా ఏడుకొండలుకు ఏ ఇబ్బందీ లేకపోయింది, పెళ్ళి కుదిరేదాకా.

ముప్ఫైనాలుగేళ్ళ మనిషి. అంతకు ముందు పదకొండు సంబంధాలు వచ్చి, కాఫీలు తాగి వెళ్ళిపోయాయి. పన్నెండోది కాలవ అవతల మొగలిపేట నుంచి వచ్చింది. గుత్తుల పల్లయ్యగారి కూతురు దేవీమణి. ఊళ్ళో రవికలు కుట్టే పిల్ల, మాటలో మొహమాటం లేదు. పెళ్ళిచూపుల్లో ఏడుకొండలు అరగంటలో మూడు ముక్కలు మాట్లాడాడు. "నేను మాట్లాడేటప్పుడు అడ్డు రాడు. ఇతనే చాలు" అని దేవీమణి తేల్చేసింది. ఏడుకొండలుకు ముందు పెట్టిన పలహారం సయించలేదు, సంతోషం అంతలా పట్టుకుంది.

అంతా కుదిరాక, లేచి చెప్పులు తొడుక్కునే వేళకి పల్లయ్యగారి కళ్ళు కాబోయే అల్లుడి కాలిమీద పడ్డాయి. ఆయన చాలాసేపు చూశాడు.

"బాబూ, ఏవనుకోకండి. రేప్పొద్దున్న పీటలమీద మీ కాళ్ళు కడిగి, ఆ నీళ్ళు నా నెత్తిమీద జల్లుకోవాలండి. మూడొందలమంది చూస్తుంటారు. ఆ గోరు చూస్తే నా చెయ్యి ముందుకెళ్ళేలా లేదండి."

"మావయ్యగారూ, అదీ…"

"శ్రావణంలో ముహూర్తం. నెలా పదిరోజులుంది. ఈలోగా దాని సంగతి చూడండి. లేకపోతే…" అని ఆగిపోయాడు. ఆగిన చోట నుంచి మిగతాది ఏడుకొండలు తల్లి వరహాలమ్మ ఇల్లు చేరేదాకా పూర్తి చేస్తూనే ఉంది. "లేకపోతే పదమూడోది ఉండదురా కొండలూ. ఇంక ఆ ట్రాక్టరుకే పసుపుతాడు కట్టుకో."

సరిగ్గా ఆ రోజుల్లోనే మండల కేంద్రంలోని పెద్దాసుపత్రికి 'పాదకాంతి పథకం' కింద లేజరు మిషను వచ్చింది. పుచ్చిన గోటిమీద వెలుగు పారించి నయం చేస్తుందట. వచ్చి రెండు నెలలైంది. దండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు, ప్లాస్టిక్కు కవరు మాత్రం విప్పలేదు. ప్రారంభోత్సవానికి పెద్దవాళ్ళెవరికీ తీరిక దొరకలేదు. ఈలోగా పైనుంచి నెలకి మూడువందల గోళ్ళు చూపించమని తాఖీదులు రావడం మొదలైంది.

పథకం చూసుకోడానికి ఒక అధికారిని వేశారు. పేరు చిదంబరరావు, హోదా మండల నఖ సంరక్షణాధికారి. అంతకు ముందు ఎలుకల నిర్మూలన విభాగంలో పనిచేశాడు. ఆయన ఉన్న మూడేళ్ళలో మండలం మొత్తంమీద కాగితంలో ఒక్క ఎలుక కూడా మిగల్లేదు.

ఏడుకొండలు ఆసుపత్రి మెట్లెక్కి చెప్పు విప్పేసరికి చిదంబరరావు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆ గోరు చూసి అంత గౌరవంగా లేచినవాళ్ళలో ఆయనే మొదటివాడు.

చర్మాల డాక్టరమ్మ మాత్రం మామూలుగా చూసింది. గోటి అంచు కొంచెం గీకి పరీక్షకు పంపింది. "గోటికి ఫంగస్ పట్టింది బాబూ. రక్తం పరీక్ష చూసి మాత్రలిస్తాను. కాలు పొడిగా ఉంచుకో, ఆ చెప్పులు పారెయ్. ఈ వెలుగు కూడా కొందరికి కొంత పనిచేస్తుంది, చూద్దాం. కొత్త గోరు పూర్తిగా రావడానికి ఏడాది పడుతుంది."

"నెలలో అవదాండీ? పెళ్ళండి…"

"గోరు కదా, దానికి మన ముహూర్తాలు తెలీవు. పైన కాస్త అరగదీసి శుభ్రం చేస్తాను. పెళ్ళినాటికి చూడ్డానికి బాగానే ఉంటుంది. మీ మావగారితో అంటుకోదని నేను చెబుతాలే."

ఏడుకొండలుకు ప్రాణం లేచొచ్చింది. ప్లాస్టిక్కు కవరు విప్పారు. చీకటి కళ్ళజోడు పెట్టారు. మిషను కీచుమంది. గోటిమీద ఎర్రటి చుక్క ఎనిమిది నిమిషాలపాటు అటూ ఇటూ తిరిగింది. కొంచెం వెచ్చగా ఉంది, అంతే. డాక్టరమ్మ ఆకురాయి చేతిలోకి తీసుకుంది.

"ఆగండి!" అన్నాడు చిదంబరరావు. "సదరు నఖము ఇప్పుడు మీ రోగిది కాదు. పథకానిది."

తన చేతిలో ఉన్న ట్యాబు పలకమీద ఏడుకొండలు చేత వేలిముద్ర వేయించుకుని, గోటికి నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి, గొంతు సవరించుకున్నాడు.

"నేటి నుండి ఇది పథక నఖము, క్రమసంఖ్య ఒకటి. నూతన నఖము సంపూర్ణముగా వృద్ధి చెంది, చికిత్సకు ముందూ తరువాతా గల ఛాయాచిత్రములు సరిచూడబడు వరకూ, దీనిని కత్తిరించరాదు. తడపరాదు. రంగు పూయరాదు. మండల పరిధి దాటించరాదు."

ఒక్కొక్కటే వింటూ ఏడుకొండలు మనసులో పెళ్ళి తంతు ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వచ్చాడు. కత్తిరించకపోతే కాళ్ళగోళ్ళ సంబరం లేదు. తడపకపోతే మావగారు కాళ్ళు కడగడం లేదు. రంగు పూయకపోతే పారాణి లేదు. మండలం దాటకపోతే మొగలిపేట లేదు. కాలవకి ఇవతల ఒక మండలం, అవతల ఇంకొకటి.

"దాటితే ఏవౌద్దండీ?"

"అవతలి మండలంవారు దాన్ని తమ లెక్కలో వేసుకుంటారు. ఎలుకల విషయంలో నాకిది జరిగింది" అన్నాడు చిదంబరరావు. పాత గాయం ఆయన మొహంలో కనబడింది.

"అయితే నేను మానేస్తానండి."

"మీరు నిస్సంకోచంగా మానవచ్చు. నఖము మానరాదు."

డాక్టరమ్మ ఆకురాయి సొరుగులో పడేసి, మాత్రలు రాసిచ్చి, "ఇవి మాత్రం మానకు" అంది మెల్లగా.

మర్నాటి నుంచి పొద్దున్న ఎనిమిదింటికల్లా చిట్టిలంకలో చిదంబరరావు మోటారు సైకిలు చప్పుడయ్యేది. అరుగుమీద కూర్చుని, ఏడుకొండలు కాలు ఒళ్ళో పెట్టుకుని, స్కేలుతో కొలిచి, 'వృద్ధి: లేదు' అని రాసుకునేవాడు. చీలమండకి దారంతో ఒక అట్టముక్క కట్టాడు: 'పథక నఖము. తాకరాదు.' గోటికి సెలైన్ సీసా మూత ఒకటి తొడిగి, చుట్టూ ప్లాస్టరు వేశాడు. పదోరోజున 'వృద్ధి ఆశాజనకముగా లేనందున మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను' అని గోటి పేరు మీదే తాఖీదు తెచ్చాడు.

"సంజాయిషీ నేను రాయాలా, గోరు రాయాలా అండీ?" అనడిగాడు ఏడుకొండలు.

"నఖము తరఫున మీరు రాయవచ్చును. సంతకం మాత్రం బొటనవేలితో వేయాలి. కాలిది."

పెళ్ళి రెండు రోజుల్లోకి వచ్చింది. పెళ్ళికొడుకుని చేసే రోజు వరహాలమ్మ పీట వేసి, వెండిగిన్నెలో పాలు పోసి, చుట్టాలందరినీ కూర్చోబెట్టింది. గంగరాజు కొత్త పంచె కట్టుకుని కాళ్ళగోళ్ళ సంబరానికి కత్తి తీశాడు. కత్తి పాలలో ముంచి కుడికాలి దగ్గరికి వచ్చేసరికి వాకిట్లో మోటారు సైకిలు ఆగింది.

"ఆయుధం కింద పెట్టండి!"

"ఆయుధమేటండీ బాబూ! శుభమా అని గోటికి తాకిస్తానండి, అంతే" అన్నాడు గంగరాజు.

"తాకించుట కత్తిరించుటకు ప్రథమ సోపానం. అయితే నేను కర్కోటకుణ్ణి కాను. మిగతా తొమ్మిదింటికీ నా అభ్యంతరం లేదు."

"తొమ్మిది గోళ్ళ సంబరమా! మా వంశంలో ఇప్పటిదాకా అందరికీ పదే తీశారయ్యా!" అని వరహాలమ్మ గిన్నెలో పాలు పెరట్లో పారబోసి, కొడుకువైపు తిరిగింది. "నువ్వు మాట్లాడవేరా? ఆ గోరు నీదా, ఆయనదా?"

ఏడుకొండలు ఆలోచించాడు. ఆ ప్రశ్నకి జవాబు తనకి తెలీదని అప్పుడు తెలిసింది.

ఇది మొగలిపేట చేరడానికి గంట పట్టలేదు. పల్లయ్యగారు ఫోను చేశారు. "అల్లుడుగారూ, మండపం వేసేశాం. వంటవాళ్ళు దిగారు. మీరు ఎల్లుండి కాలవ దాటతారా, దాటరా? ఒక్క మాట చెప్పండి. దాటకపోతే నేను ఊళ్ళో తలెత్తుకోలేను. సంబంధం ఇంతటితో సరి."

ఏడుకొండలు ఆసుపత్రికి పరిగెత్తాడు. పెళ్ళికి అనుమతి కోరుతూ తాను జిల్లా కార్యాలయానికి రాసిన అర్జీకి జవాబు అప్పుడే వచ్చిందని చిదంబరరావు చదివి వినిపించాడు. "వివాహము శుభకార్యమైనందున ప్రభుత్వము మిక్కిలి సానుభూతితో పరిశీలించినది. వరుడు మండలము దాటుటకు అభ్యంతరము లేదు. నఖము దాటరాదు."

"గోరు ఇక్కడ పెట్టి నేనెలా వెళ్ళనండీ?"

"అది మీ వ్యక్తిగత విషయం. అందులో ప్రభుత్వం జోక్యం చేసుకోదు."

గుమ్మంలో స్కూటరు ఆగింది. దేవీమణి హెల్మెట్టు చంకన పెట్టుకుని లోపలికి వచ్చింది. ఏడుకొండలు వంక చూడలేదు, సూటిగా బల్ల దగ్గరికి వెళ్ళింది.

"సారూ, గోరు దాటకూడదు, అంతేనా?"

"అంతే."

"అయితే పెళ్ళే దాటుద్ది. మండపం ఇక్కడ వేస్తాం. ఆ మిషను పక్కనే. మీ గోరు మీ కళ్ళముందే ఉంటది. సరేనా?"

చిదంబరరావు పథకం కాగితాలన్నీ తిరగేశాడు. ఏ నిబంధనలోనూ అడ్డు దొరకలేదు. పైగా ఆయనకి ఇంకో సంగతి స్ఫురించింది. పెళ్ళికి మూడు వందల మంది వస్తారు. చెప్పులు బయట విప్పుతారు. మనిషికి పది గోళ్ళు.

"సంతోషంగా!" అన్నాడు.

బయటికి వచ్చాక ఏడుకొండలు, "మీ నాన్నగారు ఒప్పుకుంటారంటారా?" అన్నాడు.

"ఆయన్ని నేను ఒప్పిస్తాను. కానీ అక్కడ కూడా ఇలా నోరు మూసుకు కూర్చుంటే మాత్రం, మూడుముళ్ళ దాకా రాకుండానే స్కూటరు ఎక్కి వెళ్ళిపోతా" అంది దేవీమణి.

పెళ్ళినాడు ఆసుపత్రికి మామిడాకులు కట్టారు. లేజరు గదిలో పీటలు వేశారు, మిషనుకి బొట్టు పెట్టారు. సన్నాయి ఎముకల వార్డులో కూర్చుంది. మొగలిపేట వాళ్ళు రెండు లారీల్లో, చిట్టిలంక వాళ్ళు ట్రాక్టర్లలో దిగారు. గుమ్మం దగ్గర ఆసుపత్రి సిబ్బంది చెప్పులు విప్పించి, ఒక్కొక్కరి కాళ్ళకీ ఫొటో తీసి, వేలిముద్ర వేయించుకుని, భోజనం టోకెను చేతిలో పెడుతున్నారు.

"ఇదేం ఫొటోగ్రాఫరమ్మా, మొహాలొదిలేసి కాళ్ళు తీస్తాడు!" అంది ఒక ముసలమ్మ. "పట్టుచీర అంచు పడాలి కదే, అందుకూ" అని పక్కావిడ సర్దిచెప్పింది.

మూడువందల పన్నెండు మంది వచ్చారు. ఒకాయనకి రెండు వేళ్ళు లేవు. లోటుకి కారణం రాయించుకుని ఆయనకీ టోకెనిచ్చారు. సన్నాయి ఆగిన చోట చిదంబరరావు మైకు అందుకున్నాడు.

"మహాజనులారా! ఈ శుభ సమయాన మన మండలం మూడువేల నూట పద్దెనిమిది నఖాలతో రాష్ట్రంలోనే అగ్రస్థానానికి చేరిందని తెలియజేయుటకు గర్విస్తున్నాను. మీ అందరి నఖాలూ నేటి నుండి పథకానివి. కత్తిరించరాదు, తడపరాదు, రంగు పూయరాదు. మండలం దాటరాదు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ముందు అర్థమైంది మొగలిపేట ఆడవాళ్ళకి.

"దాటకూడదంటే? మేం ఇంటికెళ్ళొద్దా?"

"మీరు వెళ్ళవచ్చు" అన్నాడు చిదంబరరావు.

"నాట్లయ్యా! ఆకుమడి ముదిరిపోతోంది! గోళ్ళు తడవకుండా ఊడుస్తామా చేలు? నీ బుర్రలో ఏవుంది?"

ఆసుపత్రి సిబ్బంది గేటు మూసేశారు. పల్లయ్యగారు పీటలమీంచి లేచి కండువా దులిపారు. మొహం కందగడ్డలా ఉంది. "చాలండి. ఒక గోరు కోసం ఊరు ఊరంతా తెచ్చి దొడ్లో పెట్టాను. ఈ పెళ్ళి నాకొద్దు. లేవే అమ్మాయీ."

ముహూర్తం పదకొండు నిమిషాల్లో ఉంది. దేవీమణి లేవలేదు. తెర ఇంకా కట్టలేదు కాబట్టి ఆమె చూపు నేరుగా ఏడుకొండలు మీద పడింది. ఆ చూపు స్కూటరు వైపు తిరగడానికి ఎంతోసేపు పట్టదని ఏడుకొండలుకి తెలుసు.

అతను వంగి ప్లాస్టరు పీకాడు. సెలైన్ మూత తీసి అవతల పారేశాడు. అట్టముక్క తెంపాడు. కుడికాలు ఎత్తి పళ్ళెంలో పెట్టాడు.

"కూర్చోండి మావయ్యగారూ. కడగండి."

"తడపరాదు!" అని చిదంబరరావు మిషను పక్క నుంచి అరిచాడు.

"అత్తయ్యగారూ, నీళ్ళు పొయ్యండి" అన్నాడు ఏడుకొండలు. పుట్టి బుద్ధెరిగాక అంత గట్టిగా అతను మాట్లాడటం వరహాలమ్మ కూడా వినలేదు.

అత్తగారు బిందె ఎత్తి పోసింది. పల్లయ్యగారికి గోరంటే ఉన్న అసహ్యమంతా ఆ నిమిషంలో చిదంబరరావు మీదికి మళ్ళిపోయింది. కసిగా పీట లాక్కుని కూర్చుని, పాదం పట్టుకుని, గేదెను కడిగినట్టు రుద్దాడు. నెలరోజుల మాత్రలకి అప్పటికే వేరు వదిలిన గోరు చడీచప్పుడూ లేకుండా ఊడి ఆయన అరచేతిలోకి వచ్చేసింది. దాని కింద లేత గులాబీ రంగు చర్మం, మొదట్లో నూకగింజంత కొత్త గోరు.

సన్నాయి వాళ్ళు కూడా ఎముకల వార్డులోంచి లేచొచ్చి తొంగిచూశారు. "ప్రభుత్వ నఖం!" అని చిదంబరరావు గోడకి ఆనుకున్నాడు.

దేవీమణి తండ్రి చేతిలోంచి ఆ గోరు తీసుకుంది. పట్టుచీర చెంగుతో తుడిచింది. నడిచి వెళ్ళి ఆయన చేతిలో పెట్టింది.

"సారూ, వరుడు వెళ్ళొచ్చు, గోరు వెళ్ళకూడదు అన్నారు కదా. మీ గోరు మీరు ఉంచుకోండి. మా పెళ్ళికొడుకుని మాకొదిలెయ్యండి."

చిదంబరరావు గోటిని తిప్పి తిప్పి చూశాడు. కత్తి తగల్లేదు. రంగు లేదు. తడి ఆరింది. మండలంలోనే ఉంది. మరి కాదనడానికి ఏమీ కనబడలేదు.

"నిబంధనలు సంపూర్ణముగా పాటించబడినవి" అన్నాడు.

గేటు దగ్గర మొగలిపేట ఆడవాళ్ళకి ఆ మాట చాలింది. గంగరాజు చుట్టూ మూగారు. ముప్ఫై ఏళ్ళ సెలూనులో చూడని బేరం ఆ పూట చూశాడు గంగరాజు. ఒక్కొక్కరూ కాళ్ళు చాపడం, పదీ తీయించుకోవడం, గుప్పెట్లో పట్టుకెళ్ళి చిదంబరరావు బల్లమీద పోయడం, "ఇవిగో మీవి, లెక్క చూసుకోండి" అని లారీ ఎక్కడం. కత్తిరించుట నేరమే కానీ దాటించుట అంతకంటే పెద్ద నేరమని ఆయన తనకి తానే నచ్చజెప్పుకుని, ఒక్కొక్క ముక్కకీ రసీదు రాసిచ్చాడు. ఆ గొడవలో ఎవరూ అటు చూడలేదు కాబట్టి, లోపల జీలకర్రాబెల్లం, తాళీ, తలంబ్రాలూ అన్నీ వేళకి ప్రశాంతంగా జరిగిపోయాయి.

ఆ ఏడు మండలానికి పాదకాంతి పురస్కారం వచ్చింది. చిదంబరరావుకి శాలువా కప్పారు.

ఏడాది తరవాత ఏడుకొండలుకి తాఖీదు వచ్చింది: 'తుది పరిశీలనకు హాజరు కావలెను.' దేవీమణి స్కూటరు వెనక కూర్చుని వెళ్ళాడు. కాలికి కొత్త గోరు పూర్తిగా వచ్చింది. పల్చగా, నున్నగా, చూడముచ్చటగా ఉంది. డాక్టరమ్మ చూసి, "మాత్రలు మానలేదన్నమాట" అని నవ్వి వెళ్ళిపోయింది. చిదంబరరావు మాత్రం కళ్ళజోడు సవరించుకుని, ఫొటో పక్కన కాలు పెట్టించి చూసి, తల అడ్డంగా ఊపాడు.

"పోలిక లేదు. ఇది మా నఖం కాదు. దీనికి ఏ క్రమసంఖ్యా లేదు. ఈ నఖం మీకెక్కడిది?"

"అదే బాగైందండి."

"అబద్ధం. మా నఖం మా దగ్గరే చికిత్స పొందుతోంది. బాగవలేదు. వృద్ధి లేదు. సోమవారం, గురువారం వెలుగు పెంచి ఇస్తున్నాం. బయట నిరీక్షించండి."

ఏడుకొండలు బయటికి వచ్చాడు. వరండాలో బల్లమీద ఒక నాట్లకూలీ కూర్చుని ఉంది. రెండు కాళ్ళ గోళ్ళూ పుచ్చి నల్లబడి ఉన్నాయి. పొద్దున్న ఏడింటికి వచ్చిందట, మూడో వారమట ఇలా రావడం. మిషను ఖాళీ లేదంటున్నారట. తలుపు సందులోంచి కీచుమనే చప్పుడు, ఎర్రటి వెలుగూ వస్తున్నాయి. బొట్టు పెట్టిన మిషను కింద, వెండి గిన్నెలో, ముదురు బెల్లం రంగు గోరు ఒక్కటే ఉంది.

"ఇంతసేపు ఎవరికి చేస్తన్నారు బాబూ లోపల?" అనడిగింది ఆమె.

"నాకేనమ్మా" అన్నాడు ఏడుకొండలు, ఆమె పక్కన కూర్చుంటూ.